మెరుగూ, తరుగూ

కంసాలి పనిలో రెండు మాటలు ఎప్పుడూ జంటగానే వినిపిస్తాయి: మెరుగు, తరుగు. మాసిన గొలుసును మెరుగు పెట్టించడానికి ఇచ్చే ముందు మా ఇంట్లో పెద్దవాళ్ళు ఒకసారి తూకం వేయించేవారు. తిరిగి తెచ్చుకునేటప్పుడు మరొకసారి వేయించేవారు. అది కంసాలి మీద అనుమానమని చిన్నతనంలో అనుకునేవాణ్ణి. కాదని ఆలస్యంగా అర్థమయింది. మెరుగు ఊరికే రాదు, వస్తువులోంచే కొంత తీసుకుని వస్తుంది. ఆ కొంత ఎంతో తెలుసుకోవడమే వారి ఉద్దేశం. నల్లరంగు కారు ఒకటి కొని, దాని మీద పడిన గీతలను తీయించబోయి, ఈ పాఠాన్ని నేను రెండోసారి నేర్చుకున్నాను. ఈ వ్యాసం ఆ గీతల చరిత్ర.

కారు కొన్న రెండో వేసవిలో ఒక రాత్రి, మా అపార్టుమెంటు సెల్లారులో కొత్తగా బిగించిన ఎల్.ఇ.డి. దీపం కింద, బానెట్ మీద ఒక సాలెగూడు కనిపించింది. దీపపు ప్రతిబింబం చుట్టూ వలయాలు వలయాలుగా వందల సన్నగీతలు. పగటిపూట నీడలో చూస్తే అక్కడ ఏమీ లేదు. మర్నాడు తెల్లవారుజామున, కార్లు తుడిచే మనిషిని పిలిచి, గుడ్డతో గుండ్రంగా రుద్దుతున్నందుకు కోప్పడ్డాను. అతను ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. తరువాత కారును ఒక పాలిష్ దుకాణంలో ఇచ్చాను. సాయంత్రానికి అది నల్లని మడుగులా నిగనిగలాడుతూ వచ్చింది. నాలుగుసార్లు కడిగేసరికి సాలెగూడు తిరిగి వచ్చింది. దానితోపాటు, మనం నడుస్తుంటే మనతో కదిలే తెల్లని చారలు కూడా కొత్తగా వచ్చాయి.

ఇంకొక చోటికి తీసుకువెళ్ళాను. అక్కడి పనివాడు యంత్రం ముట్టుకోకముందు అగ్గిపెట్టెంత పరికరం ఒకటి తీసి కారు ఒంటి మీద అక్కడక్కడ ఆనించి అంకెలు రాసుకున్నాడు. తలుపుల మీద 120 మైక్రాన్లకు అటూ ఇటూ, బానెట్ అంచు దగ్గర 91. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. "ఇక్కడ తీయడానికి ఇంక పెద్దగా మిగల్లేదండీ" అన్నాడు. మా పెద్దవాళ్ళ తూకం గుర్తుకు వచ్చింది.

ముందు ఆ వలయాల సంగతి చూద్దాం. అవి నిజానికి రంగు మీద లేవు. రంగు మీద ఉన్నవి అన్ని దిక్కులకూ పోయే గీతలు. సన్నని గీత ఒక్కొక్కటి సన్నని గాడి వంటిది. అది వెలుతురును తన పొడవుకు అడ్డంగానే చిమ్ముతుంది. అందువల్ల దీపపు ప్రతిబింబానికి అడ్డంగా పడుకున్న గీతలే మన కంటికి తళుక్కుమంటాయి. దాని వైపు చూసే గీతలు కనబడవు. కనబడిన ముక్కలన్నిటినీ కలిపి చూసుకుంటే వలయాలవుతాయి. దీపాన్ని జరిపితే వలయాల కేంద్రం కూడా జరుగుతుంది. పీచుతో తోమిన స్టీలు కంచాన్ని బల్బు కింద పట్టుకున్నా, రాత్రివేళ తడిసిన చెట్టుకొమ్మల వెనుక వీధిదీపాన్ని చూసినా ఇదే దృశ్యం. అంటే, గుండ్రంగా రుద్దడం వల్ల వలయాలు వచ్చాయని నేను చేసిన ఆరోపణకు ఆధారం లేదు. నిలువుగా రుద్దినా, అడ్డంగా రుద్దినా, కొన్నాళ్ళకు అవే వలయాలు కనబడేవి.

మరి నలుపు మీదే ఎందుకు ఇంత కొట్టొచ్చినట్లు కనిపిస్తాయి? నున్నని రంగు పైపొర, తెలుపైనా నలుపైనా, ఎదురుగా పడిన వెలుతురులో నూటికి నాలుగు వంతులను మాత్రమే అద్దంలా తిప్పి పంపుతుంది. తక్కినది లోపలికి పోతుంది. తెల్లరంగు దానిలో చాలా భాగాన్ని మళ్ళీ బయటికి వెదజల్లుతుంది. ఆ వెల్లువలో గీతలు చిమ్మే కాస్త వెలుతురు కలిసిపోతుంది. నల్లరంగు లోపలికి పోయిన వెలుతురును మింగేస్తుంది. అందుకే దాని మీద ప్రతిబింబం అంత లోతుగా కనిపిస్తుంది, గీత కూడా అంత స్పష్టంగా కనిపిస్తుంది. నలుపులో మనం మెచ్చుకునే గుణం, భరించలేని గుణం ఒకటే.

ఈ నల్లని నిగారింపు మీద మనిషికి మోజు కార్లతో మొదలు కాలేదు. జపానులో ఉరుషి అనే చెట్టు నుంచి కారే పాలను వడకట్టి, కొయ్య మీద పలుచగా పూసి, తేమగాలిలో గట్టిపడనిచ్చి, దాని మీద మళ్ళీ పూత పూసేవారు. అద్దపు మెరుపు కావలసిన పనికి రోయిరో అని పేరు. పూతను ముందు బొగ్గుముక్కతో నీళ్ళు పోస్తూ అరగదీసి, తరువాత మెత్తని పొడితో నూనె కలిపి రుద్ది, చివరకు లేడికొమ్మును కాల్చి చేసిన భస్మాన్ని వేలికి అద్దుకుని, చేతి చర్మంతోనే మెరుగు పెట్టేవారు. ఎంత శ్రమో చూడండి. అలా తీసుకున్న కాలాన్నంతా ఆ పెట్టె తన మీద దాచుకుని, చూసేవాడికి ముఖం మాత్రం చూపిస్తుంది.

ఆ పెట్టెలు ఓడలెక్కి యూరప్ చేరాయి. ఉరుషి చెట్టు చేరలేదు. అందుకని అక్కడివారు రెసిన్లతో, నూనెలతో, లక్కతో అనుకరణలు మొదలుపెట్టారు. ఇంగ్లీషులో ఇటువంటి పూతకు లాకర్ అని పేరు. ఆ మాటకు మూలం మన లక్క, సంస్కృతపు లాక్ష. ఇంగ్లండులో ఈ అనుకరణ పనినే జపానింగ్ అన్నారు. పుస్తకప్రియులకు అక్షరాల రూపశిల్పిగా పరిచయమైన జాన్ బాస్కర్‌విల్ 1740 ప్రాంతంలో బర్మింగ్‌హామ్‌లో ధనం గడించింది ఈ జపానింగ్ వ్యాపారంలోనే. ఆ డబ్బుతోనే ఆయన అచ్చు పనికి దిగి 1757లో వర్జిల్ కావ్యాలను ముద్రించాడు. అచ్చయిన కాగితాన్ని వేడిపలకల మధ్య నొక్కి నునుపు తేవడం, సిరాను మరింత నల్లగా చేయడం ఆయన ప్రత్యేకతలు. పళ్ళేల మీద చూపిన మోజునే ఆయన పుటల మీదికి తెచ్చాడని నాకు అనిపిస్తుంది.

గుర్రపు బళ్ళకు రంగు వేసేవారు ఇదే దారిలో నడిచారు. సీసపు తెల్లరంగుతో అడుగు పూతలు, వాటిని నురగరాయితో నీళ్ళు పోస్తూ అరగదీయడం, రంగు పూతలు, ఆపైన అవిసెనూనె, రెసిను కలిసిన వార్నిష్ పూతలు, ప్రతి పూత మధ్యా మళ్ళీ అరగదీయడం. నూనె పూత ఆరడానికి రోజులు పట్టేది కనుక ఒక్క బండికి వారాల తరబడి పని. దుమ్ము పడకుండా గది నేల తడిపేవారు. మొదటి కార్లు ఈ బళ్ళ వారసులే. వాటికి రంగు వేసింది కూడా ఈ పనివాళ్ళే.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారు ఆ వరుసను తెంపేసింది. మొదటి సంవత్సరాలలో అది ఎరుపు, బూడిద, ఆకుపచ్చ, నీలం రంగులలో దొరికేది. 1913లో హైలాండ్ పార్క్ కర్మాగారంలో కదిలే కూర్పు వరుస వచ్చి, పన్నెండున్నర గంటల చాసిస్ కూర్పు పనిని 93 నిమిషాలకు దించింది. ఆ వేగానికి పాత రంగు పని తట్టుకోలేదు. 1914 నుంచి 1925 వరకు ఆ కారు నలుపులో తప్ప రాలేదు. కొనేవాడికి నచ్చిన రంగు ఏదైనా సరే, అది నలుపైతే చాలన్న అర్థంలో ఫోర్డ్ విసిరిన ఛలోక్తి అందరికీ తెలిసినదే. నలుపు చవక, మన్నిక ఎక్కువ. తారు జాతి ఖనిజం కలిసిన ఆ పూతను లోహపు భాగాల మీద పోసి కొలిమిగదిలో కాల్చి గట్టిపరచవచ్చు. ఆ పూత పేరు జపాన్ బ్లాక్. లేడికొమ్ము భస్మంతో వేలికొన మీద పుట్టిన నలుపు, పేరు మాత్రం మిగుల్చుకుని, నిమిషాల లెక్కన పనిచేసే కర్మాగారంలో తేలింది. అరగదీసే చెయ్యి అక్కడ లేదు. మోడల్ టి కొన్న రైతు అందులో ముఖం చూసుకోవాలని ఆశించలేదు కూడా.

చెయ్యి మళ్ళీ వచ్చింది, వేరే దారిలో. మొదటి ప్రపంచ యుద్ధంలో పేలుడు పదార్థాలు చేసిన డ్యుపాంట్ సంస్థకు పత్తిని నైట్రికామ్లంతో మార్చే విద్య బాగా తెలుసు. అదే జాతి పదార్థాన్ని ద్రావకంలో కరిగించి డ్యూకో అనే పూత తయారుచేసింది. 1923లో జనరల్ మోటార్స్ వారి ఓక్లండ్ కార్ల మీద నీలిరంగులో అది ప్రత్యక్షమయింది. ద్రావకం ఆవిరైతే చాలు, పూత ఆరినట్లే. వారాల పని గంటలకు దిగింది. రంగులు తిరిగి వచ్చాయి. ఫోర్డ్ కూడా 1926 మోడలుకు వాటిని తిరిగి తీసుకురాక తప్పలేదు. మన ఊళ్ళలో ఈనాటికీ బీరువాలకూ తలుపులకూ వేసే రంగును డ్యూకో అంటారు. ఆ మాట ఇన్నేళ్ళ కిందటి ఒక కంపెనీ సరుకు పేరని చాలామందికి తెలియదు.

డ్యూకోకు ఒక లోపం ఉండేది. ఆరిన పూత మందకొడిగా, మాసినట్లు ఉండేది. మెరవాలంటే రుద్దుడు కాంపౌండుతో అరగదీసి తీరాలి. కర్మాగారంలో ఆ పనికి మనుషులను పెట్టారు. కారు ఇంటికి చేరాక ఎండకు పైపొర సుద్దలా మారితే, ఆ పని యజమాని నెత్తిన పడింది. ఆదివారం పూట కారు ముందు మోకాళ్ళ మీద కూర్చుని డబ్బాలోని ముద్దతో రుద్దడం అమెరికాలో ఒక ఆచారమయింది. షికాగోలో పుట్టిన సైమనైజ్ అనే పాలిష్ పేరు ఇంగ్లీషులో క్రియగా నిఘంటువులకెక్కింది. బ్రెజిల్ ఈశాన్యంలో పెరిగే కార్నౌబా తాటిజాతి చెట్టు ఆకుల మైనం ఆ డబ్బాలలోకి చేరింది. గుడ్డకు కారు రంగు అంటుకునేది. అంటే తరుగు కంటికి కనబడేది. ఇది గమనించదగ్గ సంగతి: ఆనాటి యజమానికి తాను ఎంత పోగొట్టుకుంటున్నాడో చేతిలోని గుడ్డే చెప్పేది.

ఇంతకూ రుద్దితే మెరుపు ఎలా వస్తుంది? ఈ ప్రశ్నకు తొలి జవాబులలో ఒకటి న్యూటన్ 1704లో ప్రకటించిన ఆప్టిక్స్ గ్రంథంలో ఉంది. గాజుకు పెట్టే మెరుగు గీతలను పోగొట్టదు, వాటిని కంటికి కనబడనంత సన్నగా మారుస్తుంది అని ఆయన భావం. దుర్భిణి అద్దాన్ని స్వయంగా అరగదీసుకున్న మనిషి చెప్పిన మాట అది. రెండు వందల ఏళ్ళ తరువాత జార్జ్ బెయిల్బీ మరొక సిద్ధాంతం తెచ్చాడు. మెరుగు పెట్టినప్పుడు పైపొర ద్రవంలా పారి గుంటలను పూడుస్తుందని ఆయన వాదం. 1921లో దాని మీద ఒక పుస్తకమే వేశాడు. అది నిజమైతే ఎంత బాగుండేది! మెరుగు ఉంటుంది, తరుగు ఉండదు. కానీ 1950ల తరువాత ఆస్ట్రేలియా లోహశాస్త్రవేత్త లెనార్డ్ శామ్యూల్స్ వంటివారు మెరుగు పెట్టిన లోహాలను సూక్ష్మదర్శినుల కింద పరీక్షించినప్పుడు, అక్కడ కూడా కోతలే కనిపించాయి, మరింత సన్నని కోతలు. లోహాల వరకు న్యూటన్ వైపే మొగ్గు తేలింది. వెలుతురు తరంగం పొడవు మైక్రానులో సగానికి అటూ ఇటూ ఉంటుంది. గీతలు అంతకంటె బాగా సన్నబడితే వెలుతురుకు వాటి ఉనికి తెలియదు. ఆ స్థితికి మనం పెట్టుకున్న పేరు నునుపు.

కారు రంగులో చివరి పెద్ద మార్పు 1970, 80 దశకాలలో వచ్చింది. రంగును ఒక పొరగా వేసి, దాని మీద రంగు లేని క్లియర్ కోటును మరొక పొరగా వేయడం. ఎండలోని అతినీల కిరణాలను ఆపే రసాయనాలు ఆ పైపొరలో ఉంటాయి. ఇప్పుడు మనం కార్ల మీద చూసే గీతలలో చాలా భాగం ఆ పైపొరలోవే. దాని మందం ఇంచుమించు 40 మైక్రాన్లు, తలవెంట్రుకలో సుమారు సగం. ముఖ్యమైన తేడా ఏమిటంటే, ఈ పొరను రుద్దితే గుడ్డకు రంగు అంటదు. తరుగు ఇప్పుడు కంటికి కనబడదు. పాతకాలపు యజమానికి గుడ్డ చేసిన హెచ్చరిక మనకు లేదు. అగ్గిపెట్టెంత పరికరం ఉండాలి. అది కూడా ఉక్కు మీదున్న పొరలన్నిటి మొత్తం చెబుతుంది గాని, పైపొర ఎంత మిగిలిందో విడిగా చెప్పదు.

గీత తీయడమంటే ఏమిటో ఇప్పుడు తేలికగా చెప్పవచ్చు. గీతను ఎవరూ తీయలేరు. గీత అడుగు ఎంత లోతున ఉందో, చుట్టూ ఉన్న పొరనంతటినీ అంత లోతు వరకు దించుతారు. గుంట ఉన్న పొలాన్ని గుంట మట్టానికి చెక్కడం వంటిది. ముతక కాంపౌండుతో పని మొదలుపెట్టి, అది మిగిల్చిన గీతలను మెత్తని పాలిష్‌తో ఇంకా సన్నబరుస్తారు. ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగే యంత్రం త్వరగా కోస్తుంది, కాని తొందర పనివాడి చేతిలో ఒకే వాలులో వేల గీతలు విడిచిపెడుతుంది. మనతోపాటు కదిలే తెల్లని చారలు అవే. తిరుగుతూనే అటూ ఇటూ ఊగే యంత్రంలో ఆ ప్రమాదం తక్కువ. ఇక నా కారుకు మొదటి దుకాణంలో జరిగింది ఇది: పాలిష్‌లోని నూనెలు గీతల్ని నింపి సాయంత్రానికి మడుగులా చూపించాయి, కడిగితే నూనె పోయి, పాత గీతలూ కొత్త చారలూ బయటపడ్డాయి. నేను డబ్బిచ్చి కొన్నది తరుగు మాత్రమే.

తరుగు లేని మెరుగు కోసం వెతుకులాట ఆగలేదు. 2003లో మెర్సిడెస్ సంస్థ సూక్ష్మకణాలు కలిపి గట్టిపరచిన క్లియర్ కోటును తెచ్చింది. 2005లో నిస్సాన్ సంస్థ, సన్నగీతలు పడితే కొన్నాళ్ళలో సాగి తనంత తానే పూడుకునే పైపొరను ప్రకటించింది. బెయిల్బీ లోహంలో చూశాననుకున్న పారుదలను వీరు రసాయనంతో చేసి చూపారన్నమాట. అయినా ఇసుకరేణువు ఇసుకరేణువే. గీతలు పడడం తగ్గింది గాని మానలేదు.

హనుమకొండ వేయిస్తంభాల గుడిలో నల్లరాతి నందిని చూసినవారికి ఇక్కడ ఒక ఆలోచన రావచ్చు. 1163 నాటి గుడి. ఆ రాతి నునుపులో ఈనాటికీ వెలుతురు ఆడుతుంది. ఎనిమిది వందల అరవై ఏళ్ళ పైబడి ఎన్ని చేతులు తాకాయో. కాకతీయ శిల్పి అరగదీసిందీ రాతి తరుగే. కాని రాతికి లోపల ఎంత లోతైనా రాయే ఉంది. మన కారుకు నలభై మైక్రాన్ల కింద రంగు ఉంది, దాని కింద ప్రైమరు, దాని కింద ఇనుము. శిల్పి నునుపును మనం కోరుకుంటున్నాం, శిల్పికున్న రాయి మాత్రం మన దగ్గర లేదు.

ఇంతకీ ఆ గీతలు ఎవరు వేశారు? దుమ్ము వేసింది. మన వీధిదుమ్ములో ఇసుక ఉంటుంది, ఇసుకలోని స్ఫటికం క్లియర్ కోటు కంటె ఎంతో గట్టిది. ముందుగా ధారాళంగా నీళ్ళు పోసి దుమ్మును కొట్టుకుపోనిస్తే, ఆ తరువాత గుడ్డ ఏ దిక్కున తిరిగినా పెద్ద హాని లేదు. నీళ్ళు లేకుండా తుడిస్తే ఎంత మెత్తని గుడ్డయినా ఇసుకకాగితమే.

ఈ సంగతి తెలిశాక కార్లు తుడిచే మనిషితో మళ్ళీ మాట్లాడాను. ఆ రోజు ఏం చెప్పబోయావని అడిగాను. "బకెట్ నీళ్ళే కదా సార్ ఇచ్చేది. పదకొండు బండ్లు" అన్నాడు, ఫిర్యాదు చేస్తున్నట్లు కాదు, లెక్క చెబుతున్నట్లు. నిజమే. ఆ వేసవిలో బోరు ఎండిపోతే, కార్లు కడగడానికి గొట్టం వాడరాదనీ, అన్నిటికీ కలిపి ఒక్క బకెట్‌తో సరిపెట్టాలనీ మా భవనసంఘం తీర్మానం చేసింది. మూడో కారుకే ఆ నీళ్ళు బురద. నా కారు ఎనిమిదోది. ఆ తీర్మానాన్ని మంచి తెలుగులో రాసి, కింద మొదటి సంతకం చేసింది నేనే. నీటిని పొదుపు చేయడం తప్పు కాదు. ఆ పొదుపు వెల ఎక్కడో పడుతుందని ఆలోచించకపోవడం, పడినచోట ఆ మనిషిని నిలదీయడం తప్పు.

తప్పు నాదని అతనితో చెప్పాను. అతను నవ్వి, "ఏముందిలెండి సార్" అన్నాడు. ఆ మాటతో తీరిపోయిందని నేను అనుకోను. ఇప్పుడు నా కారును రోజూ తుడవవద్దని చెప్పాను, నెలజీతం మాత్రం తగ్గించలేదు. దుమ్ము పడితే పడనీ. వారానికొకసారి ఇద్దరం కలిసి రెండు బకెట్ల నీళ్ళతో కడుగుతాం. ఒకటి దుమ్ము దించడానికి, ఒకటి గుడ్డ జాడించడానికి. రెండో పనివాడు కూడా బానెట్ మీద యంత్రం పెట్టలేదు. మిగిలిన పొరను మిగిలినట్లే ఉంచమని నేనే చెప్పి కారు తెచ్చుకున్నాను. రాత్రిపూట సెల్లారులో దీపం కింద సాలెగూడు ఇప్పటికీ కనిపిస్తుంది. అందులో నా సంతకం కూడా ఉందని నాకు తెలుసు.